ప్రాక్సీలో బ్యాండ్‌విడ్త్ లిమిట్‌కి ఆటోమేటెడ్ టెస్ట్: ±5% పెడితే సీఐలో నిలబడట్లేదు

#1 · ప్రాక్సీపిట్ట

సొంతంగా రాసిన హెచ్‌టీటీపీ ప్రాక్సీ (క్లయింట్‌కీ సర్వర్‌కీ మధ్య నిలబడి డేటా అందించే ప్రోగ్రామ్). ఒక్కో క్లయింట్‌కి డౌన్‌లోడ్ సెకనుకు 256 కేబీ దాటకూడదు (ఈ థ్రెడ్‌లో కేబీ అంటే 1024 బైట్లు అనుకుందాం). లోపల టోకెన్ బకెట్ ఉంది (రేటు ప్రకారం టోకెన్లు నిండుతుంటాయి, బైట్లు పంపాలంటే అన్ని టోకెన్లు ఖర్చవ్వాలి), దాని సైజు 64 కేబీ. ప్రాక్సీ 16 కేబీ చంకులుగా (ముక్కలుగా) చదివి పంపుతుంది.

టెస్ట్ ఇదీ: వెనక ఒక చిన్న సర్వర్ 1024 కేబీ ఫైల్ ఇస్తుంది. కర్ల్‌తో (కమాండ్ లైన్ డౌన్‌లోడ్ టూల్) ప్రాక్సీ గుండా దించుకుని మొత్తం సమయం చూస్తాం. 1024 ÷ 256 = 4 సెకన్లు, అటూ ఇటూ 5 శాతం. అంటే 3.8 నుంచి 4.2 మధ్య వస్తే పాస్. డెవలపర్ మెషీన్‌లో 3.78 వచ్చి ఫెయిలవుతుంది, సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని తనంతట తనే నడిపే మెషీన్) 4.3, 4.4 వచ్చి ఫెయిలవుతుంది. 15 శాతానికి పెంచితే పాసవుతుంది గానీ, ఇక ఆ టెస్ట్ పట్టుకునేదేముంది? నమ్మదగ్గ టెస్ట్ ఎలా రాస్తారు?

#2 · బైటు_లెక్క

ముందు 3.78 సంగతి. అది తప్పు కాదండీ, మీరు అనుకున్న 4 తప్పు. కనెక్షన్ మొదలయ్యేసరికి బకెట్ నిండుగా ఉంటుంది కాబట్టి మొదటి 64 కేబీ ఆగకుండా వెళ్లిపోతాయి. మిగిలిన 960 కేబీకే కట్టడి. 960 ÷ 256 = 3.75 సెకన్లు. దానిమీద టైమర్ ఆలస్యాలు కాస్త కలిస్తే 3.78. లిమిటర్ ఖచ్చితంగా పనిచేసినప్పుడల్లా ఫెయిలయ్యేలా ఉంది మీ టెస్ట్.

15 శాతం పెడితే కింది హద్దు 3.4 అవుతుంది. రేటు 10 శాతం ఎక్కువగా, అంటే 281.6గా వదిలే బగ్ ఉంటే 960 ÷ 281.6 = 3.41 సెకన్లు. పాస్! మీ భయం సరైనదే.

ఫైల్ సైజును వెనక నుంచి లెక్కేసుకోండి: కావలసిన సమయం × రేటు + బకెట్. 4 సెకన్లు కావాలంటే 1024 + 64 = 1088 కేబీ, అంటే 11,14,112 బైట్లు. ఇంకో మాట, ఫైల్‌లో సున్నాలు నింపకండి. దారిలో ఎక్కడైనా జీజిప్ (డేటా కుదింపు) ఆన్ అయితే 1 ఎంబీ సున్నాలు ఒకటి రెండు కేబీలకు కుదించుకుపోతాయి, లిమిటర్ లేనట్టే కనిపిస్తుంది. యాదృచ్ఛిక బైట్లు పెట్టి, కాష్ చేయొద్దని హెడర్ కూడా ఇవ్వండి.

#3 · సీఐ_కావలి

4.4కి కారణం సీఐ మెషీన్ ఒక్కటే అనుకోకండి. ఒక అనుమానం: టోకెన్లు అయిపోయాక మీ కోడ్ "చంక్ ÷ రేటు" అంత సేపు నిద్రపోయి, లేచాక బకెట్‌ని సున్నా నుంచి మళ్లీ మొదలుపెడుతోందా? 16 ÷ 256 = 62.5 మిల్లీసెకన్ల నిద్ర. లోడ్ మీదున్న మెషీన్‌లో ఒక్కో నిద్ర 10 మి.సె. సాగిందంటే, 960 కేబీకి 60 చంకులు, 60 × 10 = 0.6 సెకను. 3.75 + 0.6 = 4.35. మీ అంకెకి అతికినట్టు సరిపోతోంది.

లేచిన తర్వాత గడియారం చూసి, నిజంగా ఎంత సేపు గడిచిందో అంతకి టోకెన్లు వెయ్యాలి. అప్పుడు ఒక నిద్ర సాగినా తర్వాతి నిద్ర ఆ మేరకు తగ్గుతుంది, ఆలస్యం పోగుపడదు.

అది సరిచేశాకా అప్పుడప్పుడూ నెమ్మదిస్తే సీగ్రూప్ (ప్రాసెస్‌ల వాడకానికి హద్దు పెట్టే లినక్స్ ఏర్పాటు) సీపీయూ కోటా చూడండి. కోటా పీరియడ్ మామూలుగా 100 మి.సె. ఉంటుంది. కోటా అయిపోతే మిగతా పీరియడ్ అంతా ప్రాసెస్ కదలదు. సీపీయూ.స్టాట్ ఫైల్‌లో ఎన్నార్_థ్రాటిల్డ్ అంకె (ఎన్నిసార్లు అలా ఆగిందో) టెస్ట్‌కి ముందూ వెనకా చదివి లాగ్‌లో పెట్టండి. అది పెరిగిందంటే ఆ రన్‌లో "నెమ్మదిగా ఉంది" అనే ఫిర్యాదుకి విలువ లేదు.

బకెట్ సైజుకీ దీనికీ సంబంధం ఉంది. 100 మి.సె. స్తంభిస్తే 25.6 కేబీ టోకెన్లు పోగవుతాయి. బకెట్ 64 కాబట్టి పట్టేస్తాయి, తర్వాత ఖర్చవుతాయి. అదే ఎవరైనా టెస్ట్ "సున్నితంగా" ఉండాలని బకెట్‌ని 8 కేబీకి తగ్గిస్తే 17.6 కేబీ పొర్లిపోతాయి, మళ్లీ రావు. చిన్న బకెట్, లోడ్ ఉన్న మెషీన్, ఈ రెండూ కలిస్తే సగటు రేటు పడిపోవడం ఖాయం.

#4 · టోకెన్_బుట్ట

± అనే ఆలోచననే వదిలేయమంటాను. రెండు వైపులా ఒకే హద్దు పెట్టడమే ఇక్కడి గొడవంతా. లిమిటర్ ఇచ్చే మాట ఒక్కటే: మొదలైనప్పటి నుంచి ఏ క్షణానికి చూసినా, దాటిన బైట్లు ≤ బకెట్ + రేటు × గడిచిన సమయం. వేగంగా వెళ్లిందంటే బగ్. నెమ్మదిగా వెళ్లిందంటే లిమిటర్ కావచ్చు, మెషీన్ కావచ్చు, డిస్క్ కావచ్చు. ఇవి రెండు వేర్వేరు టెస్టులు.

మొదటిది కఠినంగా పెట్టండి, రీట్రై ఇవ్వొద్దు. గడియారాన్ని క్లయింట్ కనెక్ట్ అవ్వకముందే మొదలుపెట్టండి. ప్రతి రీడ్ తర్వాత మొత్తం బైట్లూ సమయమూ నోట్ చేసి, ప్రతి పాయింట్‌నీ పై సూత్రంతో పోల్చండి. మెషీన్ ఎంత నత్తనడక నడిచినా బైట్లు ఆలస్యంగానే వస్తాయి గానీ ముందుగా రావు కదా, అందుకని అబద్ధపు ఫెయిల్ రాదు. చివర్లో సమయం ఒక్కటే చూసే కర్ల్ పద్ధతి కన్నా ఇది మేలు. మొదటి సెకనులో 600 కేబీ వదిలేసి, తర్వాత బిగబట్టి సగటు సరిచేసే లిమిటర్ కర్ల్ టెస్ట్‌లో హాయిగా పాసవుతుంది.

సడలింపు ఒక్క చంక్ చాలు. టోకెన్లు కొంచెం మిగిలి ఉన్నా పూర్తి చంక్ పంపి, బకెట్‌ని మైనస్‌లోకి పోనిచ్చే డిజైన్లు ఉంటాయి, వాటికోసం 16 కేబీ. మీ 1024 కేబీ ఫైల్‌కి కింది హద్దు (1024 − 64 − 16) ÷ 256 = 3.6875 సెకన్లు. రేటు 5 శాతం ఎక్కువున్నా 3.57 వస్తుంది, దొరికిపోతుంది.

#5 · సాకెట్_సాంబ

ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం. మొదటి నుంచి లెక్కేస్తే మధ్యలో జరిగే తప్పులు దాక్కుంటాయి. కనెక్షన్ రెండు సెకన్లు ఖాళీగా ఉందనుకోండి. ఆ రెండు సెకన్లకీ 512 కేబీ టోకెన్లు పోగుచేసి ఒక్కసారే వదిలే బగ్ ఉంటే (బకెట్ పైహద్దు చూడటం మరిచిన కోడ్), మీ సూత్రం ప్రకారం అది తప్పే కాదు. ఏ రెండు క్షణాల మధ్య చూసినా బకెట్ + రేటు × వ్యవధి దాటకూడదు, అదీ అసలు నియమం.

అన్ని జతలూ పోల్చక్కర్లేదు, ఒక్క పరుగులో అయిపోతుంది:

    కనిష్ఠం = 0, మొత్తం = 0
    ప్రతి రీడ్‌కి (సమయం, బైట్లు):
        కనిష్ఠం = చిన్నది(కనిష్ఠం, మొత్తం − రేటు × సమయం)
        మొత్తం = మొత్తం + బైట్లు
        (మొత్తం − రేటు × సమయం) − కనిష్ఠం > బకెట్ + చంక్ అయితే ఫెయిల్

కనిష్ఠాన్ని బైట్లు కలపక ముందు, పోలికని కలిపిన తర్వాత చెయ్యాలి. ఈ వరుస తారుమారైతే, ఖాళీ తర్వాత వచ్చే బర్స్ట్‌లో (ఒక్కసారే వచ్చిపడే బైట్ల గుంపు) మొదటి రీడ్ లెక్కలోకి రాదు.

#6 · టోకెన్_బుట్ట

సాంబ గారూ, సూత్రం నిక్కమే. నిజం సాకెట్ మీద, సీఐలో మాత్రం అది అబద్ధాలాడుతుంది. చదివే క్లయింట్ థ్రెడ్‌ని షెడ్యూలర్ (ఎవరు ఎప్పుడు నడవాలో నిర్ణయించే ఓఎస్ భాగం) 300 మి.సె. పక్కన పెట్టిందనుకోండి. ప్రాక్సీ తన పద్ధతిలో 76.8 కేబీ పంపేసింది, అవి క్లయింట్ కెర్నల్ బఫర్‌లో కూర్చున్నాయి. థ్రెడ్ లేచి ఒక్క గుక్కలో చదివేసింది. మీ పోలికకి అది 76.8 కేబీ బర్స్ట్. అనుమతి 64 + 16 = 80. ఇంకాస్త ఆగి ఉంటే ఫెయిల్, తప్పు ప్రాక్సీది కాకపోయినా.

ఖాళీ సమయం బగ్‌కి నా పద్ధతిలోనే దారి ఉంది: అదే కీప్-ఎలైవ్ (మూయకుండా తెరిచి ఉంచిన) కనెక్షన్ మీద 2 సెకన్లు ఆగి రెండో రిక్వెస్ట్ పంపండి. అది పంపే ముందు గడియారాన్ని మళ్లీ సున్నా చెయ్యండి. మొదటి రెస్పాన్స్ మొత్తం చదివేశారు కాబట్టి దారిలో పాత బైట్లు లేవు. బకెట్ ఎంత నిండినా 64 మించకూడదు, కాబట్టి సూత్రం మళ్లీ వర్తిస్తుంది. 512 వదిలితే మొదటి రీడ్‌లలోనే బయటపడుతుంది.

#7 · సాకెట్_సాంబ

ఆ రీసెట్ ఉపాయం బాగుంది. సరే, ఏ రెండు క్షణాల మధ్యనైనా చూసే నా పోలికని నకిలీ గడియారం (సమయాన్ని టెస్టే నడిపేది) టెస్టులకి పరిమితం చేద్దాం, అక్కడ షెడ్యూలర్ గోల ఉండదు.

#8 · బైటు_లెక్క

ఆ పొర గురించే రాద్దామనుకున్నా. లిమిటర్‌కి గడియారాన్ని బయటి నుంచి ఇచ్చేలా రాస్తే సగం టెస్టులు మిల్లీసెకన్లలో అయిపోతాయి. గో భాష వాళ్లకి ఎక్స్/టైమ్/రేట్ ప్యాకేజీలో అలౌఎన్, రిజర్వ్‌ఎన్ రెండూ సమయాన్ని ఆర్గ్యుమెంట్‌గానే తీసుకుంటాయి, నిద్రలేకుండా టెస్ట్ రాయొచ్చు. గో 1.25 నుంచి నకిలీ గడియారం ఇచ్చే సింక్‌టెస్ట్ కూడా ఉంది. రస్ట్ భాషలో టోకియో లైబ్రరీకి టైమ్ పాజ్ ఉంది. ఈ రెండింటికీ ఒక షరతు: నిజం సాకెట్లు కలపకూడదు. టోకియోలో గడియారం ఆగి ఉండగా టాస్కులన్నీ ఖాళీగా ఉంటే తనంతట తనే తర్వాతి టైమర్‌కి దూకుతుంది. డేటా ఇంకా కెర్నల్‌లో ఉండగానే టైమ్‌అవుట్ కొట్టేస్తుంది. బదులుగా మెమరీలోనే నడిచే కనెక్షన్లు, గోలో నెట్.పైప్, టోకియోలో డ్యూప్లెక్స్ వాడండి.

ఈ పొరలో తప్పక చూడాల్సినవి:

పూర్ణాంక కోత. సెకనుకు 12,500 బైట్లు (100 కిలోబిట్లు), ప్రతి మి.సె.కి టోకెన్లు వేస్తే 12.5, పూర్ణాంకంలో 12. శాశ్వతంగా 4 శాతం తక్కువ. సెకనుకు 1,500 బైట్లైతే 1.5 బదులు 1, మూడో వంతు పోయినట్టే. మిగిలిన భిన్నాన్ని తర్వాతి టిక్‌కి మోసుకెళ్తోందో లేదో చూడాలి.

ఓవర్‌ఫ్లో. రేటు × మిల్లీసెకన్లని 32 బిట్లలో గుణిస్తే, సెకనుకు 1 కోటి బైట్ల రేటు దగ్గర 430 మి.సె.కే 4,29,49,67,296 దాటేస్తుంది. చిన్న రేట్లతో టెస్ట్ చేసినంత కాలం కనిపించదు. నకిలీ గడియారాన్ని ఒక గంట, ఒక రోజు ముందుకి తోసి చూడండి. వెనక్కి కూడా తొయ్యండి. గోడ గడియారం (మెషీన్ చూపే తేదీ, టైమ్) వాడే కోడ్‌లో టైమ్ సింక్ అయినప్పుడు వ్యవధి మైనస్ వస్తుంది. ఇది మోనోటానిక్ (ఎప్పుడూ వెనక్కి వెళ్లని) గడియారం వాడాల్సిన చోటు.

బకెట్ కన్నా పెద్ద చంక్. గో వెయిట్‌ఎన్‌కి బర్స్ట్ (అక్కడ బకెట్ సైజు పేరు ఇదే) కన్నా పెద్ద సంఖ్య ఇస్తే ఆగదు, ఎర్రర్ ఇస్తుంది. ఐఓ.కాపీ (డేటాని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసే గో ఫంక్షన్) మామూలు బఫర్ 32 కేబీ. ఎవరో కాన్ఫిగ్‌లో బర్స్ట్ 16 కేబీ పెట్టగానే డౌన్‌లోడ్లన్నీ మధ్యలో తెగిపోతాయి.

యూనిట్ల తికమక కూడా ఇక్కడే తేల్చండి. బిట్లు, బైట్లు కలిస్తే 8 రెట్లు, ఎలాగూ కనిపిస్తుంది. 1000, 1024 కలిస్తే 2.4 శాతమే. నిజం సాకెట్ టెస్ట్‌లో అంత చిన్న తేడా చంక్ సడలింపు, టైమర్ ఆలస్యాల మధ్య దాక్కోవచ్చు. ఎన్‌వాయ్ అనే ప్రాక్సీ బ్యాండ్‌విడ్త్ ఫిల్టర్‌లో లిమిట్_కేబీపీఎస్ అనే పేరు చూసి కిలోబిట్లు అనుకునేవాళ్లున్నారు, అది సెకనుకు 1024 బైట్ల లెక్క.

#9 · లూప్‌బ్యాక్

గో మాట వచ్చింది కాబట్టి. లిమిటర్‌ని రైటర్ వైపు పెట్టి, స్ట్రక్ట్‌లో టీసీపీకాన్ (గోలో నెట్‌వర్క్ కనెక్షన్ టైప్) పాయింటర్‌ని ఎంబెడ్ చేసి, రైట్ మెథడ్ ఒక్కటే తిరగరాస్తే కోడ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఎంబెడ్ చేసినదాని రీడ్‌ఫ్రమ్ కూడా పైకి వచ్చేస్తుంది. ఐఓ.కాపీ రీడ్‌ఫ్రమ్ ఉంటే దాన్నే పిలుస్తుంది, మీ రైట్ జోలికే రాదు. లిమిట్ అసలు పడదు. రైట్‌ని నేరుగా పిలిచే యూనిట్ టెస్ట్ పచ్చగా ఉంటుంది, నిజం ట్రాఫిక్ మాత్రం ఫుల్ స్పీడ్‌లో పోతుంది. నకిలీ గడియారం ఎంత బాగున్నా నిజం సాకెట్ టెస్ట్ ఒకటైనా ఉండాల్సింది ఇందుకే.

#10 · ప్రాక్సీపిట్ట

నిద్ర సంగతి సీఐ_కావలి గారు చెప్పినట్టే కోడ్‌లో ఉంది. గడిచిన సమయం లెక్కకి మార్చాక సీఐలో 3.77–3.82 మధ్య వస్తోంది. #4 పద్ధతి పెట్టాం. రెండు ప్రశ్నలు. అప్‌లోడ్ లిమిట్‌ని ఎక్కడ కొలవాలి? పంపే వైపు కొలిస్తే 1 ఎంబీ క్షణంలో "అయిపోతోంది". రెండోది, నెమ్మది వైపు టెస్ట్‌కి హద్దు ఎంత?

#11 · సాకెట్_సాంబ

అప్‌లోడ్‌లో ప్రాక్సీ కట్టడి చేసే తీరు చూడండి: సాకెట్ నుంచి చదవడం ఆపుతుంది. దాని రిసీవ్ బఫర్ నిండుతుంది, టీసీపీ విండో (ఇంకా ఎంత పంపొచ్చో అవతలికి చెప్పే హద్దు) మూసుకుంటుంది, ఆ తర్వాత క్లయింట్ సెండ్ బఫర్ నిండుతుంది, అప్పుడు గానీ సెండ్ కాల్ ఆగదు. లినక్స్‌లో ఈ బఫర్లు తమంతట తామే పెరుగుతాయి. చాలా కెర్నళ్లలో మామూలు గరిష్ఠం సెండ్ వైపు 4 ఎంబీ, రిసీవ్ వైపు 6 ఎంబీ. మీ 1 ఎంబీ అంతా కెర్నల్‌లోనే పడుకుంది.

వెనక సర్వర్ దగ్గర కొలవండి. గడియారం క్లయింట్ కనెక్ట్ అవ్వకముందు మొదలు, బైట్ల లెక్క సర్వర్ రీడ్‌ల నుంచి. రెండూ ఒకే మెషీన్‌లో ఉంటే మోనోటానిక్ గడియారం ఒకటే కాబట్టి పోల్చొచ్చు. కర్ల్‌తోనే చెయ్యాలంటే, సర్వర్ చివరి బైట్ చదివాకే జవాబు ఇచ్చేలా రాసి మొత్తం సమయం చూడండి, అది నిజమైన అంకె. ప్రోగ్రెస్ బార్‌ని మాత్రం నమ్మొద్దు.

#12 · సీఐ_కావలి

నెమ్మది వైపు: ముందు లిమిటర్ ఆఫ్ చేసి అదే ఫైల్ దించండి. ఆ వేగం లిమిట్‌కి కనీసం 10 రెట్లు లేకపోతే ఆ రన్‌ని "తేలలేదు" అని గుర్తు పెట్టి వదిలేయండి, ఫెయిల్ అనొద్దు. 10 రెట్లుంటే లిమిట్‌లో 85 శాతమైనా రావాలని అడగండి, మూడుసార్లలో మధ్య విలువ తీసుకోండి. మెషీన్‌ని బట్టి ఈ అంకెలు మార్చుకోవచ్చు.

లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడే నెట్‌వర్క్) మీద ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు, 65,536 బైట్లు. అసలు నెట్‌వర్క్‌లో 1500. ప్యాకెట్లు చిన్నవై, ఆలస్యం తోడైతే లిమిటర్ వేరేలా ప్రవర్తిస్తుంది. ఒక నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (మెషీన్ లోపలే విడి నెట్‌వర్క్), వెత్ జత (దాన్ని కలిపే ఉత్తుత్తి కేబుల్), దానిమీద టీసీ నెట్‌ఎమ్ అనే లినక్స్ టూల్‌తో 50 మి.సె. ఆలస్యం పెట్టి ఒక రన్ చాలు. అన్ని టెస్టులకీ అక్కర్లేదు. కంటైనర్‌లో దీనికి నెట్ అడ్మిన్ అనుమతి కావాలి, సీఐ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

#13 · లూప్‌బ్యాక్

ఒక్క కనెక్షన్‌తో ఒక్క ఫైల్ దించితే ఒక్క దారే చూసినట్టు. అసలు బగ్గులు లిమిటర్ తగలని దారుల్లో ఉంటాయి.

కనెక్ట్ టన్నెల్: హెచ్‌టీటీపీఎస్ అంతా దీని గుండానే పోతుంది, కోడ్‌లో చాలాసార్లు వేరే ఫంక్షన్. వెబ్‌సాకెట్ అప్‌గ్రేడ్ కూడా అంతే. కాష్ నుంచి ఇచ్చే జవాబులు ఇంకో దారి. స్క్విడ్ అనే కాష్ ప్రాక్సీలో డిలే పూల్స్ (దాని వేగ పరిమితులు) వెనక సర్వర్ నుంచి తెచ్చేదాన్నే కట్టడి చేస్తాయి, కాష్ హిట్లు వాటికి తగలవు. క్లయింట్ వైపు రాతని ఆపడానికి క్లయింట్ డిలే పూల్స్ వేరుగా ఉన్నాయి. అందుకే ఒకే యూఆర్ఎల్‌ని రెండుసార్లు దించే టెస్ట్ వేరేగా ఉండాలి.

వర్కర్లు: ఒక్కో వర్కర్ ప్రాసెస్‌కి సొంత బకెట్ ఉంటే 4 వర్కర్లతో క్లయింట్‌కి 4 రెట్లు దొరుకుతుంది. ఒక్క కనెక్షన్ ఒక్క వర్కర్‌లోనే పడుతుంది కాబట్టి మీ టెస్ట్‌కి కనిపించదు. ఒకే క్లయింట్ ఐపీ నుంచి ఒకేసారి 8 కనెక్షన్లు తెరిచి, అన్నింటి బైట్లూ కలిపి #4 సూత్రంలో పెట్టండి. చంక్ సడలింపు 8 × 16 కేబీ అవుతుంది, ఫైల్ ఆ మేరకు పెద్దది కావాలి.

హెచ్‌టీటీపీ/2: ఇందులో ఒకే కనెక్షన్ మీద చాలా స్ట్రీములు నడుస్తాయి. కట్టడి ఉన్న స్ట్రీమ్, లేని స్ట్రీమ్ కలిపి నడపండి. కట్టడి కోసం కనెక్షన్ మొత్తాన్ని ఆపే ప్రాక్సీ అయితే రెండోది కూడా నిలిచిపోతుంది.

#14 · ప్రాక్సీపిట్ట

టన్నెల్ దారిలో లిమిటర్ అసలు లేదు. టెస్ట్ రాయగానే తేలింది. ఈ టెస్టుల్నే ఎన్‌జిన్ఎక్స్, స్క్విడ్ ముందు కూడా నడిపి పోల్చొచ్చా?

#15 · బైటు_లెక్క

నడపొచ్చు, బకెట్ విలువ ఒక్కోదానికి మార్చాలి. ఎన్‌జిన్ఎక్స్ లిమిట్_రేట్ ఒక్కో రిక్వెస్ట్‌కి వర్తిస్తుంది, క్లయింట్‌కి కాదు. రెండు కనెక్షన్లు తెరిస్తే రెండింతలు రావడం దాని నియమమే. పైగా మొదటి సెకను కోటా మొదట్లోనే ఇచ్చేస్తుంది, 256 కేబీ పెట్టి 1 ఎంబీ దించితే దాదాపు 3 సెకన్లలో వస్తుంది. బకెట్ = ఒక సెకను రేటు అనుకోండి, లిమిట్_రేట్_ఆఫ్టర్ పెడితే దాన్నీ కలపండి.

స్క్విడ్ బకెట్లని సెకనుకోసారి నింపుతుంది, కాబట్టి సూత్రంలో సమయానికి ఒక సెకను కలపాలి. మొదట్లో బకెట్ నిండుగా ఉండదు, డిలే_ఇనిషియల్_బకెట్_లెవెల్ మామూలు విలువ 50 శాతం. హెచ్‌ఏప్రాక్సీలో బీడబ్ల్యూలిమ్ ఫిల్టర్ 2.7 నుంచి ఉంది, అందరికీ కలిపి పంచాలంటే స్టిక్ టేబుల్ (కనెక్షన్లు పంచుకునే లెక్కల పట్టిక) కావాలి.

#16 · సాకెట్_సాంబ

చాలా తక్కువ రేటుతో ఒక టెస్ట్ మరవకండి. సెకనుకు 1 కేబీ లిమిట్, 64 కేబీ చంక్ అనుకోండి: రెండు పంపకాల మధ్య 64 సెకన్లు. దారిలో ఎవరికైనా 60 సెకన్ల ఐడిల్ టైమ్‌అవుట్ ఉంటే కనెక్షన్ పుటుక్కు. తరచూ ఆ టైమ్‌అవుట్ ప్రాక్సీది తనదే. నిజంగా నిమిషం ఆగక్కర్లేదు, టైమ్‌అవుట్‌ని 2 సెకన్లకి, చంక్‌ని 4 కేబీకి తగ్గించి, పంపకాల మధ్య వ్యవధి టైమ్‌అవుట్‌ని దాటేలా పెట్టండి. రేటు తక్కువైనప్పుడు చంక్‌ని కూడా చిన్నది చెయ్యడమే దీనికి విరుగుడు.

#17 · సీఐ_కావలి

టెస్టులన్నీ పచ్చగా ఉన్నాక వాటినీ పరీక్షించండి: లిమిటర్ ఆఫ్, రేటు 5 శాతం ఎక్కువ, బకెట్ పైహద్దు తీసెయ్యడం, వర్కర్‌కొక బకెట్. ఈ నాలుగింటికీ బిల్డ్ ఫ్లాగులు పెట్టి, ఒక్కోదానికి కనీసం ఒక టెస్ట్ ఫెయిలవ్వాలని సీఐలోనే అడగండి. రాత్రికి ఒకసారి నడిచే నైట్లీ రన్‌లో చాలు.

#18 · ప్రాక్సీపిట్ట

పెడతాం. ఒకటి మిగిలింది: డౌన్‌లోడ్ నడుస్తుండగా కాన్ఫిగ్ రీలోడ్ చేసి రేటు 256 నుంచి 128కి మారిస్తే, నడుస్తున్న కనెక్షన్ ఏ రేటులో ఉండాలి?

#19 · టోకెన్_బుట్ట

అది మీ డాక్యుమెంటేషన్ చెప్పాలి, రెండు తీర్లూ వాడుకలో ఉన్నాయి. టెస్ట్‌లో చూడాల్సింది ఇంకొకటి ఉంది. రీలోడ్‌తో బకెట్లు కొత్తగా పుడితే ప్రతి రీలోడ్‌కీ క్లయింట్‌కి ఇంకో నిండు బకెట్ ఉచితం. సెకనుకి ఒకటి చొప్పున 5 రీలోడ్లు కొట్టి, రేటు మార్చకుండా #4 సూత్రం నడపండి. 5 × 64 = 320 కేబీ అదనంగా వస్తే పాత బకెట్ స్థితిని కొత్త కాన్ఫిగ్‌కి మోయట్లేదన్నమాట.